అంచులు కోసిన అచ్చులు

శ్యామసుందరికి ఆ మధ్యాహ్నం తన మీద తనకే ఒళ్లు మండిపోయింది. క్లైడ్ నార్త్ కమ్యూనిటీ సెంటర్లో ఆరు వారాలుగా జపాను పద్ధతిలో చెక్క అచ్చులతో బొమ్మలు వెయ్యడం నేర్చుకుంటోంది. నాలుగింటికల్లా తలా ఒక బొమ్మ ఇస్తే రేపు హాలు గోడకు తగిలిస్తారు. ఆమె పెరట్లోని బాటిల్‌బ్రష్ కొమ్మను చెక్కింది. నల్ల గీతలకు ఒకటి, ఎర్ర పూలకు ఒకటి, ఆకులకు ఒకటి, మొత్తం మూడు అచ్చులు. ఆ గోడ మీద తన కొమ్మ ఉండాలని వేళ్లు కోసుకుని మరీ చెక్కింది.

పెళ్లికి ముందు పెడనలో కలంకారీ బట్టలకు అచ్చులు వేసిన చెయ్యి ఆమెది. అక్కడ బొమ్మ చుట్టూ మిగిలిన చెక్కను ఉంచరు. ఆ అలవాటుతోనే నిన్న అల్లుడు సంజయ్ చేత మూడు అచ్చుల అంచులూ రంపంతో కోయించింది. కాగితం మూలను ఆనించే గాట్లు ఆ అంచుల్లోనే ఉండేవి, వాటితోనే పోయాయి.

అచ్చును వెల్లకిలా పెట్టి, మీద కాగితం పరిచి వెనక నుంచి రుద్దాలి. గాటు లేకపోతే కాగితం ఎక్కడ ఆనించాలో తెలియదని టీచరు హరూమి మెల్లగా చెప్పింది. తెలియనే లేదు. నాలుగు కాగితాల్లోనూ పూలు కొమ్మను వదిలి పక్కకు పోయాయి. నల్ల గీతలు మాత్రం పడిన కాగితం ఒక్కటే మిగిలింది.

"ఆ గాట్ల మార్క్స్ ఉంచమని ఆవిడ ఎన్ని క్లాసుల్లో చెప్పిందమ్మా! నువ్వు వినవు," అంది ప్రతి క్లాసుకీ తోడొచ్చే కూతురు బిందుమాధవి.

"ఆవిడ ఇంగ్లీషులో చెప్పినదాంట్లో నువ్వు నాకు తెలుగులో చెప్పినంతే విన్నానే. సగంసేపు నువ్వు ఫోన్లో ఉన్నావు."

కారులోని పిక్నిక్ దుప్పటి తెమ్మని కూతుర్ని తరిమింది. పెడనలో అచ్చులు వేసే బల్లలా మెత్తగా ఉండేలా నాలుగు మడతలు వేసి, దాని మీద మిగిలిన ఆ కాగితం పరిచింది. పువ్వు ఎక్కడ ఆగుతుందో చెక్కా అక్కడే ఆగుతోంది. ఇక గాటుతో పనేముంది? ఎర్రరంగు పూసిన అచ్చును బోర్లించి, అంచు చూసుకుంటూ కాగితం మీద దించి, పిడికిలితో ఒక్కటిచ్చింది. హాలంతా ఇటు తిరిగింది. ఆకుల అచ్చుకూ అంతే.

పూలు కొమ్మకే పూశాయి.

హరూమి ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఇది తాను నేర్పిన పద్ధతి కాదంది. తర్వాత బొమ్మ కింద అంటించే చీటీ తీసి బిందుమాధవిని ఏదో అడిగింది.

"పద్ధతి దగ్గర ఏం రాయాలంటోందమ్మా. నువ్వు రుద్దలేదుగా."

"గుద్దానని రాయమను."

హరూమి రాసుకుని, బొమ్మను మిగతావాటితో కలిపి పెట్టింది. దుప్పటి పాడైందని బిందుమాధవి కారెక్కేదాకా సణుగుతూనే ఉంది.