దొరస్వామి రెండో ఆపరేషన్

"పాత ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా పెద్దాయనా?" అని అడిగింది ఐశ్వర్య. తిరుపతి ఆస్పత్రిలో ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చిన మగవాళ్ళ వివరాలు కనుక్కునే పని ఆ పిల్లది.

"రెండుండాయి తల్లీ. పిల్లలు సాలని కుటుంబ నియంత్రణ చేయించుకుంటి. మళ్ళా కావాలని మద్రాసుకు పోయి కలిపించుకుంటి," అన్నాడు దొరస్వామి, ఓపీ అంతా వినపడేట్టు. వడమాలపేట మామిడి తోటల్లో కోతులను అదిలించీ అదిలించీ ఆయన గొంతు అట్లా తయారైంది. పక్కనున్న భార్య శకుంతలమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈ మనిషికి సిగ్గూ లేదు, శరమూ లేదు!

ఐశ్వర్య నవ్వలేదు. అట్లా నాళాలు తిరిగి కలిపించుకున్నవాళ్ళ పాత రికార్డులను ఇప్పటి క్యాన్సర్ రికార్డులతో జతచేసి చూస్తున్నామంది. ఆ ఆపరేషన్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందో లేదో వేలమందివి చూస్తేగాని తెలియదట. ఒప్పుకుంటే మీవీ చేరుస్తామంది.

ఆ రెండో ఆపరేషన్ జరిగింది శకుంతలమ్మ కోసమే.

ఆ రోజులే వేరు. పుట్టిన ఇద్దరూ మగపిల్లలే. గంగ జాతర వచ్చిందంటే చాలు, మొక్కుబడి వేషమని ఇద్దరికీ పావడాలు కట్టి, సవరాలతో జడలేసి, మల్లెపూలు పెట్టి, చేతినిండా గాజులు తొడిగేది. జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టడం ఆ పక్క కొత్తేమీ కాదు. కానీ ఊరంతా వేషాలు తీసేసినా శకుంతలమ్మ తీయనిచ్చేది కాదు. పెద్దోడు గోల పెడితే ఎట్టకేలకు జడ విప్పి, ఆ సవరం ఒళ్ళో పెట్టుకుని తను ఏడ్చేది. ఒక ఏడు అది దొరస్వామి కంటబడింది. మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, "పద మే, మద్రాసుకు," అన్నాడు.

ఎంత బాగుండేవో ఆ కొద్ది రోజులు! పెళ్ళయ్యాక ఇద్దరే కలిసి ఊరు దాటింది అప్పుడే. తిరిగొస్తుంటే బస్సు గుంతలో పడినప్పుడల్లా ఆయన "అబ్బా" అనేవాడు. ఆమెకు జాలేసేది, నవ్వూ ఆగేది కాదు. పొట్లం విప్పి పెరుగన్నం ఆమే తినిపించింది. రెండేళ్ళు ఊరించి లోహిత పుట్టింది.

ఆ లోహితే ఇప్పుడు తండ్రి మందులు తీసుకుని వాళ్ళ దగ్గరికి వచ్చింది.

"మనకేమీ వద్దు, లే పోదాం," అని శకుంతలమ్మ మొగుడి చెయ్యి పట్టి లాగింది.

"ఏమైందిమా?" అంది లోహిత.

"ఆ ఆపరేషన్ వల్లనే ఈ జబ్బు వచ్చిందని తేలితే? ఆడబిడ్డ కావాలని నేను ఏడ్సకుండా ఉండింటే..."

మాట నోరు దాటాక గాని ఎవరి ముందు అంటోందో ఆమెకు తెలిసిరాలేదు. ఏది బిడ్డ చెవిన పడకూడదనుకుందో అదే పడింది.

లోహిత మొహం వాడిపోయింది. "నాకోసరమా నాయనా?"

"అట్లా అనుకోవద్దండీ," అని ఐశ్వర్య కంగారుగా అందుకుంది. "వేరే దేశాల్లో చూసినవాళ్ళకు సంబంధం కనపడలేదు. మేమింకా చూస్తున్నాం. ఏం తేలినా, ఫలానా మనిషికి ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేరు."

"నావి చేర్సుకో తల్లీ," అన్నాడు దొరస్వామి. "ఏమీ లేదని తేలితే మా ఇంటామె నెమ్మదిగా నిద్రపోతాది." తర్వాత కూతురి వైపు తిరిగాడు. ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. "అవునని తేలితే తేలనీ పాపా. ఈ జబ్బు వస్తాదని ఆ పొద్దే డాక్టరు సెప్పింటే కూడా ఆ బల్ల మీద పండుకొనింటా. ఇప్పుడు నిన్ను సూసినాక అడిగితే ఇంకా బిరబిరా ఎక్కుతా."

లోహిత ఆయన భుజం మీద మొహం పెట్టేసింది. శకుంతలమ్మకు కన్నీళ్ళు ఆగలేదు.

"మద్రాసులో ఏ ఆస్పత్రి, ఏ సంవత్సరం, గుర్తుందా పెద్దాయనా?" అని మెల్లగా అడిగింది ఐశ్వర్య.

దొరస్వామి తల గోక్కున్నాడు.

"ఆయనకేం తెలుసు, నన్నడుగు," అంది శకుంతలమ్మ, కళ్ళు తుడుచుకుని కుర్చీ ముందుకు జరుపుకుంటూ. "నేను సెప్తా, రాసుకో."