పెళ్ళికొడుకు మెడ

ఇంకో పొట్టేలు మెడ నున్నగా గొరిగి, పాత ఆపరేషన్ మచ్చలా కనిపించేలా రంగు మందు పూసింది పరిశోధకురాలు. అసలు పొట్టేలు మొన్ననే చచ్చిపోయింది. దాని మెడలో తాను అమర్చిన కృత్రిమ నాళంలో రక్తం గడ్డకట్టింది.

"చూసి వెళ్ళిపోతాడు. కారణం తర్వాత వెతుక్కుందాం. రేపటి ఆపరేషన్ ఆగితే ల్యాబ్‌కి తాళమే" అన్నాడు డైరెక్టర్.

చూడ్డానికి వచ్చేది ఆమె సొంత బాబాయి. ఆ నాళం వేయించుకోబోయే మొదటి మనిషి. డయాలసిస్ కోసం చేతికి వేసిన ప్లాస్టిక్ గొట్టాలు రెండూ పూడుకుపోయాయి. ఇదీ పూడితే సూది గుచ్చడానికి ఒంట్లో ఇక చోటు లేదు.

"ఏడమ్మా పండూ, మీ పెళ్ళికొడుకు?" అంటూ బాబాయి లోపలికొచ్చాడు. దర్జాగా మేస్తుందని చచ్చిన పొట్టేలుకు ల్యాబ్‌లో అందరూ పెట్టుకున్న పేరది. "రేపట్నుంచి మేం తోడల్లుళ్ళం. ఒకే ఇంటి సరుకు."

డైరెక్టర్ పెద్దగా నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

బాబాయి చొక్కా చెయ్యి పైకి మడిచి, పొట్టేలు మెడ మీద మూడు వేళ్ళు ఆనించాడు. గొట్టంలో రక్తం పారుతుంటే వేళ్ళకు జుమ్మని తెలుస్తుంది. డయాలసిస్ వాళ్ళు పొద్దున్నే లేచి ముందు అదే తడిమి చూసుకుంటారు. ఆ సంగతి ఆమెకెందుకు గుర్తు రాలేదో.

బాబాయి వేళ్ళు కాస్త కిందికి జరిగాయి. మళ్ళీ పైకి. ముఖంలో నవ్వు సన్నగిల్లింది.

"షుగరుతో నా వేళ్ళు మొద్దుబారినట్టున్నాయమ్మా" అన్నాడు మెల్లగా. "తెలీడం లేదు. నువ్వు చేశావుగా, బాగానే ఉంటుందిలే. సంతకం ఎక్కడ పెట్టాలి?"

డైరెక్టర్ పెన్ను అందించాడు.

ఆమెకు సిగ్గుతో భూమిలోకి కుంగిపోయినట్టయింది. కోప్పడినా బాగుండేది. తప్పు తన వేళ్ళ మీద వేసుకున్నాడు.

"వద్దు, బాబాయ్" అంది. "ఇది వేరేది. నాళం పెట్టిన పొట్టేలు చచ్చిపోయింది. గడ్డకట్టి."

డైరెక్టర్ ఏదో అనబోయాడు. బాబాయి అతని వైపు చూడనైనా లేదు. పొట్టేలు మెడనే చూస్తున్నాడు.

"మరి దీన్ని ఎవరు గొరిగారు, పండూ?"

ఆమె చేతి తొడుగులకు ఉన్ని ఇంకా అంటుకునే ఉంది. చేతులు వెనక్కి పెట్టుకోబోయి ఆగింది.

"నేనే."

బాబాయి పెన్ను బల్ల మీద పెట్టి, చొక్కా చెయ్యి దించుకుని, గుండీ పెట్టుకున్నాడు.