మిరుగం నీళ్లు

మిరుగం, అంటే మృగశిర కార్తె, దగ్గర పడిందంటే భూషణం చేతిలో పార ఉండాల్సిందే. నాచారం చెరువులోకి ఎగువ నుంచి నీళ్లొచ్చే కాలువ నోట్లో పూడిక తీయడం బెస్తవాళ్ల పని. తొలి వాన నీళ్లు పడితేనే చేప బతుకుతుందని తాతలనాటి మాట. ఇదివరకు ఆ పనికి వాడకట్టు మొత్తం కదిలేది. ఉప్పల్‌లో స్టేడియం లేచిన ఏటికి అతనొక్కడే మిగిలాడు. తక్కినవాళ్లు వలలు అటకెక్కించి కంపెనీల్లో చేరారు.

ఆ ఎండాకాలం చెరువు ఎండి నెర్రెలిచ్చింది. నడుమ ఒక మడుగు మిగిలితే, అందులో ఒక్క కొర్రమట్ట చేప మిగిలింది. నడి ఎండల్లో పడ్డ గాలివానను చూసి కాలం వచ్చిందనుకుందేమో, తొందరపడి పిల్లల్ని పెట్టింది. కుంకుమ చల్లినట్టు ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద తేలుతుంటే, కింద తల్లి నల్లగా తిరిగేది. పిల్లలతో ఉన్న తల్లిని బెస్తవాడు ముట్టడు. భూషణం రోజూ గట్టుమీద కూర్చుని కొంగల్ని తోలేవాడు.

"దొడ్లె బావిల ఇంకా నీళ్లున్నయి. తల్లినీ పిల్లల్నీ పట్టుకొచ్చి అండ్ల ఇడువరాదు?" అంది భార్య సత్తమ్మ.

"పట్టబోతే తల్లి బెదురుతది, పిల్లలు చెదురుతయి. జర ఆగు. మిరుగం వానకు చెరువంత కొత్తనీళ్లే."

"మిరుగానికి వాన పడక ఎన్నేండ్లాయె? మిరుగమొచ్చిందని నీకు ఎరుకనే, మబ్బుకెవలు జెప్పాలె?"

భూషణం పార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కాలువ దగ్గర బామ్మర్ది రామస్వామి ఎదురయ్యాడు. డ్యూటీ దిగి సైకిల్ మీద వస్తున్నాడు.

"బావా, కాలువ నోరు తెరువకు. పైన కంపెనీలోళ్లు వానకోసమే సూస్తున్నరు. ఎండాకాలమంత దాసిన మురుగు తొలి వరదలనే ఇడుస్తరు."

"వల ఇడిసి షిఫ్టులెక్కినోనివి, నీకు నీళ్ల సంగతేం ఎరుకరా?"

"నీళ్ల సంగతి మర్సిన గని, మురుగు సంగతి మస్తు ఎరుక."

భూషణం కాలువలోకి దిగాడు. పొద్దుగూకే దాకా పూడిక తోడి కాలువ నోరు తెరిచాడు.

మిరుగం వచ్చింది, వాన రాలేదు. మడుగు పళ్లెమంత అయ్యాక, ఓ మధ్యాహ్నం ఒక్కసారిగా కుండపోత. భూషణం తువ్వాలు నెత్తిన వేసుకుని కాలువ దగ్గరికి ఉరికాడు. మట్టివాసన కోసం గాలి పీల్చాడు. ఏదో మందు ఘాటుకు గొంతు గరగరలాడింది. తర్వాత నీళ్లొచ్చాయి, పసుపూ నలుపూ కలిసి, పైన మూరెడు నురగతో.

పారతో మట్టి ఎత్తి కాలువ నోటికి అడ్డం వేశాడు. వేసిన మట్టిని వేసినట్టే వరద కోసుకుపోయింది. తానే లోతుగా తవ్విన కాలువ. కాళ్లు మండుతున్నా నిలబడి, చివరికి పార పారేసి చేతులతో తోశాడు. నీళ్లు అతని మోకాళ్ల సందుల్లోంచి మడుగులోకి దిగాయి.

సత్తమ్మ బిందె పట్టుకుని పరుగున వచ్చేసరికి భూషణం మడుగులో ఉన్నాడు. తువ్వాలు ముంచి తీస్తే అంటుకొచ్చిన పిల్లల్లో ఎరుపు లేదు. బియ్యం గింజల్లా తెల్లబడ్డాయి. కొర్రమట్ట పైగాలి పీల్చి బతకగలదు. తల్లి నురగను చీల్చుకుని నోరు తెరిచి గాలి మింగి, మళ్లీ ఆ తెల్లటి గుంపు కిందికే పోతోంది. భూషణం చేతులు చాపాడు. ఎప్పుడూ నీడకే బెదిరే చేప ఆ చేతుల్లోంచి జారలేదు.

దాన్ని బావిలో వదిలారు.

తెల్లారి రామస్వామి వచ్చాడు. గెలిచినట్టు మాట్లాడలేదు. కాలువ నోటి దగ్గర కూలబడ్డ బావ పక్కన కూర్చుని అన్నాడు.

"నోరు మూసేద్దామా బావా? మా దోస్తులను తోలుకొస్త."

"మూస్తే చెరువుకు నీళ్లేడికెల్లి వస్తయిరా?"

అప్పుడే గట్టుమీద బండి ఆపి ఒకాయన కేకేశాడు, "అన్నా, చేపలున్నయా? మిరుగానికి చేప తినాలె గద!"

భూషణం ఆకాశం వైపు చూశాడు. పైన మళ్లీ మబ్బు పట్టింది. ఎన్నడూ లేనిది, వాన రావద్దని మొక్కుకున్నాడు.