గొడుగు పట్టుకున్న నీడ

పంజాగుట్టలోని ఆ ఆఫీసులో సాయంత్రం ఎవరూ కంప్యూటర్ నుంచి లాగౌట్ అయ్యేవారు కాదు. స్క్రీన్ లాక్ చేసి లేచిపోయేవారు. అది ఆఫీసులో అందరికంటే పాతవాడు, జుట్టు పలచబడి నడుం వంగిన శివరాములు నేర్పిన అలవాటు. ఆయనది సిరిసిల్ల నేత కుటుంబం. "మగ్గం మీద పోగు తెంపి ఎవడన్న ఇంటికి పోతడా?" అని చేరిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. లాక్ చేసి లేచినవాళ్ల నీడలు కుర్చీల్లోనే ఉండిపోయేవి. ఊడ్చే చిలకమ్మ "కాళ్లు జరుపుండ్రి" అంటే జరిపేవి. మనుషులు నీడ లేకుండానే మెట్రో ఎక్కేవారు.

జాయ్సీ అక్కడ చేరింది జోరువానలో, ఫోన్లు ఎత్తే పనికి. ఇప్పుడు ఏప్రిల్ ఎండలు.

సోమవారం ఆమెను నెట్‌వర్క్ అడ్మిన్ చేశారు. పదవులు ఇలాగే ఇస్తారు. బరువంతా నెత్తిన పెడతారు, అధికారం చేతికందిందో లేదో చూసే నాథుడుండడు. మర్నాడు పొద్దున కొత్త బ్యాచ్‌కి యూజర్ అకౌంట్లు తెరవబోతే స్క్రీన్ మీద ఒకటే మాట: యాక్సెస్ డినైడ్. పాస్‌వర్డ్ మార్చబోయినా అదే.

మేనేజర్ విజయేందర్ వచ్చి నిలబడ్డాడు. "బ్యాచంత ఖాళీగ కూసున్నరు. లంచ్ దాక చూస్త. గాకుంటే బయటి మనిషికి చెప్పి పెట్టిన, ఆయనొస్తడు, నువ్వు మళ్ల ఫోన్ల కాడికి పో."

వచ్చే నెల నుంచి ఫోన్ల సీటే ఉండదని ఆఫీసంతటికీ తెలుసు.

"అడ్మిన్ గ్రూపుల నీ పేరున్నదా?" అన్నాడు శివరాములు.

"ఉందండీ. మళ్లీ మళ్లీ చూశాను."

"మరి నువ్వు దానికి నచ్చలేదేమో."

"మనుషులకి నచ్చనంటే సరే, మెషిన్‌కి కూడానా?"

మంచినీళ్ల కోసం స్క్రీన్ లాక్ చేసి లేచింది. గ్లాసు పట్టుకుని వెనక్కి చూసింది. కుర్చీలో తన నీడ, చేతిలో తడిసిన గొడుగుతో.

"శివరాములు గారూ, నా నీడకి ఆ గొడుగేంటి?"

"చేరిననాడు పట్టుకొచ్చినవ్ గద. గప్పటి సంది అట్లనే ఉన్నది."

జాయ్సీ గ్లాసు కింద పెట్టింది. "అంటే అక్కడ కూర్చుంది అడ్మిన్ కాదు. ఫోన్లు ఎత్తే పిల్ల. సోమవారం ఏం జరిగిందో దానికి తెలీదు. లాగౌట్ అయి మళ్లీ రావాలి."

"పోగు తెగుతది బిడ్డా."

"తెగితే ముడేస్తాను. మీవాళ్లు వేయరా?"

శివరాములు తన కుర్చీ వైపు చూశాడు. "వేస్తరు," అన్నాడు. "దినాం వేస్తరు."

ఆమె లాగౌట్ అయి బయటికి నడిచింది. నీడ లేచి, మెట్లు దిగి వెంట వచ్చింది. ఎండలోకి రాగానే గొడుగు మూసి ఒకసారి విదిలించింది. ఫుట్‌పాత్ తడిసింది. ఆటో డ్రైవర్ కాలు పక్కకు తీసుకున్నాడు.

పైకి వచ్చి లాగిన్ అయింది. మొదటి అకౌంట్ తెరుచుకుంది. రెండోది. తర్వాత బ్యాచంతా.

"ఏం జేసినవ్?" అన్నాడు విజయేందర్.

"బయటికెళ్లి వచ్చానండీ."

"గంతేనా?"

"అంతే."

ఆయన ఫోన్ తీసి, బయటి మనిషిని రావద్దని చెప్పాడు. జాయ్సీ కుర్చీలో వెనక్కి వాలింది.

సాయంత్రం శివరాములు తన కంప్యూటర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లాగౌట్ నొక్కాడు. కుర్చీలోంచి ఆయన చేరిననాటి ఒత్తైన జుట్టుతో, నిటారు వెన్నుతో ఒక నీడ లేచింది. మెట్ల దగ్గర ఆయన రెయిలింగ్ పట్టుకున్నాడు. నీడ గబగబా దిగిపోతోంది.

"జర మెల్లగ పోదాం," అన్నాడు దానితో. అది ఆగింది.