కెజాయా తీసిన చీటీ

రోజూ ఉదయం ఎనిమిదింటికి ఐరిస్ హాల్డెన్ రైలు దిగి, రేవు మీదుగా నడిచి రెజిమెంట్ మ్యూజియానికి వెళ్లేది. దారిలో డోరీన్ టీ బడ్డీ దగ్గర ఆగి రెండు టీలు తీసుకునేది. ఒకటి తనకి, ఒకటి కెజాయా టక్‌కి.

కెజాయా 1808 నుంచీ రేవు చివర నిలబడి ఉంది. స్పెయిన్ యుద్ధానికి ఆమె మొగుణ్ణి తీసుకుపోయిన ఓడ ఆ మూల నుంచే కదిలింది. అప్పుడు ఆమెకి ఇరవై రెండేళ్లు, ఇప్పుడూ ఇరవై రెండే. రేవుకి కొత్త రాళ్లు పరిచినప్పుడు మునిసిపాలిటీ వాళ్లు ఆమె పాదాల చుట్టూ కాస్త చోటు వదిలి పరిచారు. చలికాలం ముందు చర్చి ఆడవాళ్లు ఒక రెయిన్‌కోటు తెచ్చి తొడిగి పోతారు. చేపలవాళ్లు "వాన పట్టేట్టుంది, మిసెస్ టక్" అని పలకరించి తమ పని చూసుకుంటారు.

"ఓడ కబురేమైనా తెలిసిందా అమ్మగారూ?" అనేది కెజాయా టీ అందుకుంటూ.

"ఇంకా లేదు, మిసెస్ టక్."

"ఎదురుగాలి అయ్యుంటుందిలెండి."

యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకుంటూనే నాలుగేళ్లుగా ఐరిస్ ఒక పుస్తకం రాస్తోంది, బ్రిటిష్ సైన్యం వెంట నడిచిన ఆడవాళ్ల మీద. ఆమె తండ్రి సైనికుడు. ఆయన్ని ఎక్కడికి వేస్తే అక్కడికి తల్లి పెట్టెలు సర్దేది. ఐరిస్‌కి పదిహేనేళ్లు వచ్చేసరికి పదకొండు ఇళ్లు మారారు. వస్తావా అని ఆవిణ్ణి ఒక్కసారైనా ఎవరూ అడగలేదు.

కెజాయా కాలంలోనూ అడగడమంటూ లేదు. నూరుమంది సిపాయిలకి ఆరుగురు భార్యలనే ఓడ ఎక్కనిచ్చేవారు. పెళ్లాలందరినీ రేవులో వరసగా నిలబెట్టి టోపీలో చీటీలు తీయించేవారు. 'వెళ్లాలి' అని వస్తే సగం రేషన్, బట్టలుతికే పని, మొగుడి పక్కన చోటు. 'వెళ్లకూడదు' అని వస్తే పుట్టినూరి దాకా కాలినడక. కెజాయా నడిచిపోలేదు, అంతే.

అక్టోబరులో ఒక పెట్టె అడుగున రెజిమెంట్ పాదిరీ ఉత్తరాలు దొరికాయి. 1809 జనవరిలో మంచుకొండల్లో వెనక్కి మళ్లిన దళం గురించి ఆయన రాశాడు: 'సిపాయి డేనియల్ టక్ భార్య కెజాయా జ్వరంతో దారిలో పడిపోయింది. వదిలేసి రమ్మన్నా అతను రాలేదు. ఇద్దరూ మంచులోనే పోయారు.'

ఐరిస్ తలెత్తి కిటికీలోంచి చూసింది. కెజాయా రేవు మీదే ఉంది, టీ ఊదుకుని తాగుతోంది.

రెండో ఉత్తరంలో సంగతి తేలింది. ఆసుపత్రిలో చనిపోతూ సార్జెంట్ పర్కిస్ పాదిరీ చెయ్యి పట్టుకుని తప్పు ఒప్పుకున్నాడట. విధవరాలైన అతని చెల్లెలు నాన్సీకి తిండిపెట్టే దిక్కులేదు. సిపాయి భార్య కాదు కనక చీటీ తీసే హక్కూ లేదు. కెజాయాకి చదువు రాదు. ఆమె తీసిన చీటీని 'వెళ్లకూడదు' అని అబద్ధం చదివి, ఆమె పేరు మీద చెల్లెల్ని ఎక్కించాడు. డేనియల్‌తో మాత్రం 'నీ పెళ్లాం భయపడి రానంది' అన్నాడు.

తొమ్మిది రోజులు ఐరిస్ వెనకవీధిలోంచి మ్యూజియానికి వెళ్లింది. పదోరోజు డోరీన్ స్టేషన్ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏమే అమ్మాయ్, నా టీ చేదెక్కిందా?"

ఐరిస్ అంతా చెప్పింది.

"చెప్పకు తల్లీ," అంది డోరీన్. "ఆ ఆశ మీదే నిలబడింది ఆ మనిషి. అది లాగేస్తే ఏమైపోతుందో!"

"ఆమెకి చదువు రాదని ఒకడు మోసం చేశాడు. చదివిందాన్ని నేను దాచేస్తే, వాడికీ నాకూ తేడా ఏముంది డోరీన్?"

డోరీన్ చాలాసేపు ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంది. "సరే పద, నేనూ వస్తా. ఒక్కదానివీ చెప్పలేవు."

ఐరిస్ ఒక్క ముక్కా దాచలేదు. రానందని పర్కిస్ డేనియల్‌తో అన్న మాట కూడా చెప్పింది. అంతా విని కెజాయా రవికలోంచి మడతలు పడ్డ కాగితం ముక్క తీసి ఇచ్చింది.

"చదవండి."

"వెళ్లాలి."

"మళ్లీ చదవండి."

"వెళ్లాలి, మిసెస్ టక్."

కెజాయా సముద్రం వైపు చూసింది. "ఎక్కిన ఆడవాళ్లని పేరుపేరునా తిట్టాను అమ్మగారూ, రోజూ. నాన్సీని అందరికంటే ఎక్కువ. చచ్చిపోయిందన్నమాట, పాపం. నా పేరుతో." ఐరిస్ వైపు తిరిగి, "డేనియల్ వదిలిపెట్టలేదన్నారే?"

"లేదు."

"వదలడు. కుంటి కోడిపిల్లనైనా వదిలేవాడు కాదు." అప్పుడు వంగి మోకాళ్లు పట్టుకుంది. "కాళ్లు పీకుతున్నాయి," అంది.

డోరీన్ పరుగున వెళ్లి కుర్చీ తెచ్చింది. చేపలవాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు. రెండువందల ఏళ్ల తర్వాత కెజాయా టక్ కూర్చుంది.

మర్నాటికి ఆమె జుట్టు చెంపల దగ్గర నెరిసింది. డోరీన్ వెనకగదిలో మంచం వేసింది. క్రిస్మస్‌కి అరవై ఏళ్లదానిలా ఉంది. ఫిబ్రవరికి డోరీన్ చెంచాతో సూప్ పట్టవలసి వచ్చింది. మధ్యాహ్నాలు ఐరిస్ పక్కన కూర్చుని తన పుస్తకం చదివి వినిపించేది.

ఒక మధ్యాహ్నం కెజాయా చెయ్యెత్తి ఆపింది.

"అమ్మగారూ, నేను రానన్నానని నమ్ముతూనే పోయాడా ఆయన?"

ఆ ఉత్తరాల్లో ఆ సంగతి లేదు. ఐరిస్ ఎన్నోసార్లు వెతికింది. వేరే ఏ కాగితంలోనూ లేదు.

"లేదు. నాన్సీ నిజం చెప్పేసింది."

"ఎక్కడుంది ఆ మాట?"

"పాదిరీగారి ఉత్తరంలో."

"అయితే చదవండి."

ఐరిస్ సంచిలోంచి నకలు తీసి మంచం మీద పరిచింది. వంగి చూస్తున్న కెజాయాకి కనబడేలా వరస మీద వేలు పెట్టింది. "'తన భార్య రావాలనే అనుకుందని డేనియల్ టక్‌కి దారిలో తెలిసింది,'" అని మెల్లగా చదివింది.

కెజాయా ఆ వేలి కింది అక్షరాలనే చూస్తూ ఉండిపోయింది.

"ఇంకోసారి," అంది.

ఐరిస్ వేలిని వరస మొదటికి తెచ్చి, ఒక్క మాటా తేడా రాకుండా మళ్లీ చదివింది.