కొట్టం గడియారం

ఆవులతో ఇరవై ఆరేళ్ళు వేగాను. ప్రొఫెసర్లతో అంతకంటే కొంచెం తక్కువ. ఈ రెండు జాతుల్లోనూ ఎవరు ఎప్పుడు తన్నబోతున్నారో నిలబడ్డ తీరు చూసి చెప్పగలను. అందుకే ఆ ఏప్రిల్‌లో ఆనర్ సొసైటీ ఎంపిక కమిటీలో కూర్చోమని డీన్ దగ్గర్నుంచి కాగితం వస్తే నేనేం కంగారు పడలేదు. బూట్లు కడుక్కుని వెళ్ళాను.

మాది విస్కాన్సిన్‌లో ఓ చిన్న కాలేజీ. ఇక్కడ చదివే ప్రతివాళ్ళూ వారానికి పదిహేను గంటలు ఏదో ఒక పని చెయ్యాలి. కొందరు వంటింట్లో, కొందరు లైబ్రరీలో, గట్టివాళ్ళు నా కొట్టంలో. సొసైటీ అంటే మేటి విద్యార్థుల సంఘం; దానికి మనుషుల్ని ఎంచడంలోనూ ఆ పనికి లెక్క ఉంది. ఆఖరి సంవత్సరం పిల్లల్లో మార్కుల ప్రకారం పైనుంచి పదోవంతు పేర్లు తీస్తారు. ఆ ఏడు ఎనభై రెండు మంది ఉన్నారు కాబట్టి ఎనిమిది పేర్లు వచ్చాయి. తర్వాత ఒక్కొక్కరి నడత, పనిలో రికార్డు చూస్తారు. కమిటీలో నలుగురు ప్రొఫెసర్లు, పనివాళ్ళ తరఫున ఒకరు, ఈసారి నేను. ఐదు చేతులూ లేవాలి. ఒక్క చెయ్యి బల్లమీదే ఉండిపోయినా ఆ పేరు కొట్టేసినట్టే.

మూడో పేరు టిల్డా రిండాల్. మూడేళ్ళుగా నా కొట్టంలో పొద్దుటి పాలు పితికే పిల్ల. పశువైద్య కాలేజీలో సీటు కోసం అర్జీ పెట్టుకుంది. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు తనదే. కొత్తగా ఏమైనా గౌరవాలు వస్తే నెలాఖరులోగా పంపమని వాళ్ళు ఉత్తరం రాశారు. అంటే ఈ గదిలో లేచే ఐదు చేతుల మీద ఆ సీటు వేలాడుతోంది.

లాటిన్ చెప్పే ప్రొఫెసర్ లాథ్రప్ కళ్ళద్దాలు సర్దుకుని ఆఫీసువాళ్ళ కాగితం తీశాడు.

"ఈ అమ్మాయి డ్యూటీ తెల్లవారుజామున నాలుగింటికి. మార్చి రెండో ఆదివారం నుంచి ఇప్పటిదాకా ఇరవై ఎనిమిది రోజులు పనికొచ్చింది. ఇరవై ఎనిమిది రోజులూ దాదాపు గంట ఆలస్యం. నాలుగూ యాభై ఆరు, నాలుగూ యాభై ఏడు... ఒక్కరోజైనా పొరపాటున సమయానికి రాలేదు!"

"సంజాయిషీ అడిగారా?" అన్నది లెక్కల ప్రొఫెసరమ్మ.

"అడిగాం. రెండు వాక్యాల్లో విచారం తెలియజేస్తే సరిపోతుందని కూడా చెప్పాం. ఏం రాసిందో వినండి. 'నేను ఏ రోజూ ఆలస్యంగా రాలేదు. ఆవుల్ని అడగండి.'" కాగితం బల్లమీద పెట్టాడు. "పొగరు కాకపోతే ఏమిటిది?"

మార్చి రెండో ఆదివారం అనగానే నాకు విషయం తెలిసిపోయింది. ఆ రోజు దాదాపు దేశమంతా ఎండాకాలపు వెలుగు కోసం గడియారాలు గంట ముందుకి తిప్పి, మళ్ళీ నవంబరులో వెనక్కి తిప్పుతారు. నా కొట్టంలో తిప్పరు. ఆవు పొదుగుకి ప్రభుత్వం చేసిన చట్టం తెలియదు. గంట ముందు పితికితే పాలు దిగవు, కోపమొచ్చి తంతాయి. అందుకని ఏడాది పొడుగునా మా గోడ గడియారం చలికాలపు టైము మీదే నడుస్తుంది. కాలేజీ అంతటికీ ఒకే టైము ఉండాలని పాత డీన్ పంపిన సర్క్యులర్ నా సొరుగులో పందొమ్మిదేళ్ళుగా పడుకుని ఉంది. అయితే ఈ జనవరిలో ఆఫీసువాళ్ళు హాజరు మిషన్ ఒకటి బిగించి వెళ్ళారు. అది తన టైము తనే మార్చుకుంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఆ మాట అక్కడే చెప్పొచ్చు. చెబితే నా పిల్లని కాపాడుకోవడానికి నేను అల్లిన సాకులా వినిపిస్తుంది.

"ప్రొఫెసర్‌గారూ, ఆవుల్ని అడగమంది కదా, అడిగారా?" అన్నాను.

"మిసెస్ ట్వెట్, ఆ అమ్మాయి మీ మనిషి. ఈ పేరు విషయంలో మీరు పక్కన ఉండటం మర్యాద."

"లాటిన్‌లో ఆమెకి ఎ గ్రేడు ఇచ్చింది మీరే. ఆ లెక్కన ఇద్దరం వరండాలో కూర్చుందాం, పదండి."

లెక్కల ప్రొఫెసరమ్మ దగ్గు వచ్చినట్టు నటించింది.

"ఓటు రేపటికి పెట్టండి. పొద్దున కొట్టానికొచ్చి కళ్ళారా చూడండి. రేపు కూడా ఆలస్యంగా వస్తే మొట్టమొదట కిందికి దిగే చెయ్యి నాది."

"ఎన్నింటికి రమ్మంటారు?"

"డ్యూటీ నాలుగింటికేగా. నాలుగింటికే రండి."

ఏ నాలుగింటికో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

సాయంత్రం టిల్డాని పట్టుకున్నాను. దూడల బాల్చీలు కడుగుతోంది.

"గడియారం సంగతి రాసి ఏడిస్తే నీ సొమ్మేం పోయేది?"

"రాస్తే గడియారం తిప్పనిది ఎవరని అడిగేవాళ్ళు, బాస్."

"అడిగితే?"

"మీ పేరు రాయాలి. నా పెన్నులో అంత సిరా లేదు."

"సీటు పోతుందే పిచ్చిదానా!"

"నేను ఆలస్యంగా రాలేదు. రానిదానికి విచారం ఎక్కణ్ణుంచి తేను? మీరైతే రాస్తారా?"

నేనైతే ఏం రాసేదాన్నో ఇక్కడ అచ్చులో పెట్టలేను. బాల్చీ అందుకుని నేనూ కడిగాను.

మర్నాడు నాలుగయ్యేసరికి లాథ్రప్ వచ్చేశాడు. ఆయన గడియారంలో నాలుగు, నా గడియారంలో మూడు. కొట్టం పక్కనే నా ఇల్లు. వంటింటి కిటికీలోంచి చూస్తూ నిదానంగా కాఫీ కాచుకున్నాను. ఆయన పల్చటి బూట్లేసుకుని వెన్నెల్లో, మంచు పట్టిన గడ్డిలో అటూ ఇటూ నడుస్తున్నాడు. పాపం అనిపించింది గానీ మరీ అంత ఎక్కువేం కాదు. ఆయన టైములో నాలుగూ నలభై అయ్యాక రెండు కప్పులు పట్టుకెళ్ళాను.

"చూశారా?" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుంటే. "నలభై నిమిషాలయింది. మీ అమ్మాయి జాడ లేదు."

"అమ్మాయి సరే, ఆవులేం చేస్తున్నాయి?"

దొడ్లోకి చూశాడు. అరవై రెండు ఆవులూ పడుకుని కళ్ళు మూసుకుని నెమరేస్తున్నాయి. ఒక్కటీ తల తిప్పలేదు.

"పడుకున్నాయి."

"పాలకి గంట ఆలస్యమైతే పొదుగు సలుపుతుంది. గేటు విరగ్గొట్టి అరుస్తాయి. వీటికెక్కడైనా ఆ తొందర కనిపిస్తోందా మీకు?"

ఆయన కప్పు అందుకున్నాడు. కాఫీ తాగాడు. ఇంకో పది నిమిషాలు గడిచాయి. అప్పుడు బెర్నీస్ లేచింది. పదేళ్ళ ముసలి ఆవు, మందకి పెద్ద దిక్కు. ముందుగా వెనక కాళ్ళు లేపి, ఒళ్ళు విరుచుకుని, నింపాదిగా గేటు దగ్గరకొచ్చి నిలబడింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకో నాలుగు. ఎవరూ పిలవలేదు, దీపం కూడా వెయ్యలేదు. అయిదు నిమిషాల్లో మంద మొత్తం వరస కట్టింది.

అప్పుడే టిల్డా పాత ట్రక్కు మలుపు తిరిగింది.

"గుడ్ మార్నింగ్, ప్రొఫెసర్! దారి తప్పారా?" అంటూ దిగి, లోపలికెళ్ళి హాజరు మిషన్ నొక్కింది. 4:56. పైన గోడ గడియారం నాలుగుకి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. లాథ్రప్ మిషన్ని చూశాడు, గోడని చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు.

"గేటు దగ్గర నిలబడకండి, బెర్నీస్‌కి కొత్తవాళ్ళంటే..." టిల్డా మాట పూర్తి కాలేదు. ప్రొఫెసర్ పల్చటి బూటు మీద బెర్నీస్ వెచ్చగా తన అభిప్రాయం వేసి వెళ్ళింది.

బూటు గడ్డికి రాస్తూ అన్నాడాయన, "ఇవాళ్టి సంగతి సరే. మిగతా ఇరవై ఎనిమిది రోజులు?"

చదువుకున్నవాడు చదువుకున్నవాడే. పాల ట్యాంకు దగ్గరికి తీసుకెళ్ళాను. దానికి గుండ్రటి కాగితం ఒకటి బిగించి ఉంటుంది, వారానికొకటి. పాలు ఎంత చల్లగా ఉన్నాయో పెన్ను దానిమీద గీస్తూ పోతుంది. వెచ్చటి పాలు పడగానే గీత పైకి లేస్తుంది. పొద్దున పంపు వేసేది టిల్డా ఒక్కతే. ఆమె రాకపోతే గీత లేవదు. మార్చి నుంచి దాచిన కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దీపం కింద నిలబడి ఒక్కొక్కటీ చూశాడు. మార్చి రెండో ఆదివారం మీద వేలు ఆగింది. ముందురోజు సాయంత్రపు గీత నుంచి తెల్లవారుజాము గీత దాకా గంటకో గడి చొప్పున గళ్ళు లెక్కపెట్టాడు.

"పన్నెండు," అన్నాడు మెల్లగా. "ఆలస్యం చేసి ఉంటే పదమూడు ఉండాలి. ఆ రోజు ఇక్కడ ఏదీ జరగలేదు. మారింది మేమే."

"ఆవులు చెప్పింది అదే."

మధ్యాహ్నం కమిటీ కూర్చుంది. నాలుగు చేతులు లేచాయి. లాథ్రప్ చెయ్యి లేవలేదు.

"ఒక షరతు. తప్పు అమ్మాయిది కాదు, కానీ తప్పంటూ ఒకటి ఉంది. డీన్ ఆజ్ఞ పందొమ్మిదేళ్ళు పాటించని మిసెస్ ట్వెట్‌కి మందలింపు రాసి, ఆవిడ ఫైల్లో పెట్టాలి."

"పెన్ను ఇటివ్వండి," అన్నాను. అక్కడికక్కడే సంతకం పెట్టాను. అప్పుడు ఆయన చెయ్యి లేచింది, అందరికంటే ఎత్తుగా.

కొట్టం టైము సరిచెయ్యమని ఆ వారమే డీన్ కబురు పెట్టింది. నేను సరిచేశాను. ఆఫీసు కాగితంలో ఎండాకాలం డ్యూటీ నాలుగు కొట్టేసి అయిదు వేయించాను. గోడ గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

శుక్రవారం సాయంత్రం టిల్డాకి ఆహ్వానం వచ్చింది. మందపాటి కాగితం, పైన సొసైటీ ముద్ర. పశువైద్య కాలేజీకి నకలు ఆ పొద్దునే వెళ్ళిపోయింది. టిల్డా చదివి మొహం చిట్లించింది.

"ఆదివారం సాయంత్రం అయిదింటికి సభ్యుల పుస్తకంలో సంతకాలట, బాస్. మనకి అది పాల వేళ. సాయంత్రపు పిల్లలిద్దరికీ పరీక్షలున్నాయని ఇవాళ్టి నుంచి ఆదివారం దాకా నేనే ఒప్పుకున్నాను."

"నేను పితుకుతాలే. నువ్వు వెళ్ళు."

"బెర్నీస్ ఒప్పుకోవద్దూ?"

"ముందు కాగితం తిన్నగా చూడు."

అచ్చు వేసిన అయిదు మీద సిరాతో అడ్డంగా గీత ఉంది. పక్కన సన్నటి అక్షరాల్లో లాథ్రప్ చేతిరాత. "ఏడున్నర. కాలేజీ గడియారం ప్రకారం."

టిల్డా పకపకా నవ్వింది. ఆ కాగితాన్ని గోడ గడియారం కింద మేకుకి గుచ్చి, బూట్లు తొడుక్కుని, గేటు తియ్యడానికి వెళ్ళింది. ఆవులు అప్పటికే వరసలో ఉన్నాయి.