ఆఖరి కత్తెర
మల్లమ్మ పరుగులాంటి నడకతో కొండాపూర్ ద్రాక్షతోట గేటు దాటేసరికి కొంగు ఇంకా తడిగానే ఉంది. బోరింగు నుంచి నాలుగు బిందెలు మోసింది, పిల్లలకు జొన్న గటక వండి పెట్టింది, మొగుడు రాములుకు అంగీ వెతికిచ్చింది. తను మాత్రం గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకుంది. ఇంత చేసినా ఆలస్యమే. పన్నెండు కత్తెరల్లో చివరిదాన్ని కనకమ్మ అప్పుడే మేస్త్రి చేతిలోంచి అందుకుంటోంది.

ఆ తోటలో అదే పద్ధతి. ముందొచ్చిన వాళ్లకు కత్తెర. పందిరి నీడలో నిలబడి గుత్తుల్లో కిక్కిరిసిన పిందెలను పలచన చేసే పని. వెనకొచ్చిన వాళ్లకు ఎరువు మోసే పెంటగంప, నెత్తిన ఎండ. మాదాపూర్ వైపు అద్దాల మేడ లేచాక, భూముల ధర పెరగడంతో తోటను అమ్మేశారు. ఇదే ఆఖరి కాపు. మల్లమ్మ ఒక్కనాడూ కత్తెర పట్టలేదు.

కనకమ్మ పనిలో పెద్ద మొనగత్తె ఏమీ కాదు. ఆమెకు అత్త ఉంది, అంతే. ఆ ముసలామె పొద్దున్నే నీళ్లు పట్టి, వంట చేసి, సద్ది కట్టి, కోడలికి జడ కూడా వేసి పంపుతుంది. ఆ నున్నటి జడ చూస్తే మల్లమ్మకు కడుపు మండిపోతుంది. నలభై ఏళ్ల మనిషికి జడ ఏమిటి! తన తల దువ్వెన చూసి మూడు రోజులైంది.

గంప ఎత్తుకుంటూ వినపడేలాగే అనేసింది.

"నీకేందక్కా, ఇంట్ల ముసల్ది చాకిరి చేస్తది. ఒక్కరోజు గామె మంచాన పడితే తెలుస్తది నీ సంగతి."

"గామె నిన్నేం జేసిందే?" అంటూ కనకమ్మ పందిరి కిందికి నడిచింది.

ఎండ ముదిరాక కనకమ్మ పక్కింటి పోచయ్య సైకిల్ మీద వచ్చాడు.

"కనకమ్మా, జర ఇంటికి నడువు. మీ అత్త బోరింగు కాడ కూలబడ్డది. లేపి చూస్తే పాణం లేదు."

మల్లమ్మ అప్పుడే ఆ వరసలో గంప దించుతోంది. ఎదురుగా ఉన్నది ఎవరో కూడా చూడకుండా కనకమ్మ కత్తెర మల్లమ్మ చేతిలో పెట్టి సైకిలెక్కింది.

"ఇగ ఆమె వరస నువ్వే చూసుకో," అన్నాడు మేస్త్రి.

పందిరి కింద చల్లగా ఉంది. తన నోరే తగిలిందేమోనని మల్లమ్మ భయపడింది. అయినా ఆ చల్లదనం హాయిగానే ఉంది. అలా ఉన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. కత్తెర మాత్రం వదల్లేదు.

మధ్యాహ్నానికి ఆకలితో కళ్లు తిరిగాయి.

"కనకక్క సద్ది ఉన్నది గద, తిను. లేకుంటే పాడైతది," అంది పక్క వరస రజిత.

మల్లమ్మ తలెత్తింది. పందిరి గుంజకు ఎర్రగుడ్డ సద్దిమూట వేలాడుతోంది. పొద్దున ముసలామె బిగించిన ముడి అలాగే ఉంది.